పేరు పెట్టి చేసిన ప్రార్థన

పోయిన నెల బంధువుల పెళ్ళికి అడిలైడ్ వెళ్ళాం. మెల్‌బోర్న్ శివార్లలో మేముండే టార్నీట్ నుంచి కారులో ఎనిమిది గంటల దారి. పెళ్ళయిన మర్నాడు తిరుగు ప్రయాణంలో, ఒక్క పది నిమిషాలు ఊరికి ఉత్తరం వైపు తిప్పమని మా ఆయన్ని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. నేను చదువుకునే రోజుల్లో అద్దెకున్న ఇల్లు అక్కడుండేది. ఇప్పుడు లేదు. ఎర్ర ఇటుకల ఆ పొట్టి ఇంటిని పడగొట్టి, ఆ జాగాలో నల్ల కప్పులతో రెండంతస్తుల ఇళ్ళు రెండు అతికించినట్టు కట్టేశారు. పెరట్లో ద్రాక్ష పందిరి ఉండిన చోట ఎవరిదో తెల్లకారు నిలబడి ఉంది. వెనక సీట్లోంచి పన్నెండేళ్ళ మా అమ్మాయి "హూ లివ్డ్ హియర్, అమ్మా?" అంది. మేం తెలుగులో ఏం మాట్లాడినా దాని జవాబు ఇంగ్లీషులోనే. "నేనేనే" అన్నాను. "నో, ఐ మీన్, విత్ యూ?" అంది. ఒక పెద్దావిడ అన్నాను. ఆవిడ పేరేంటని అడిగింది. తొమ్మిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, మాటకి తడుముకునే అలవాటు లేనిదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకి నోరు పెగల్లేదు. మా ఆయన ఏసీ పెంచి కారు ముందుకి పోనిచ్చారు.

ఆవిడ పేరు ఇక్కడ కూడా రాయను. ఆవిడ తమ్ముడి పేరు అసలే రాయను. చదివేవాళ్ళకి విసుగనిపిస్తే క్షమించాలి. ఒకసారి చెప్పినందుకే ఇన్నేళ్ళుగా నా మనసు నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఆవిడని నేను మొదట్లో ఆంటీ అనేదాన్ని, ఆస్ట్రేలియాలో మనవాళ్ళందరం పెద్దవాళ్ళని అన్నట్టే. రెండో వారానికే ఆవిడ, ఆంటీ అంటే ఆస్పత్రిలో పిలిచినట్టుంది, "అచా" అను అంది. వాళ్ళ భాషలో అక్క. అప్పటికి నాకు ముప్పై మూడేళ్ళు. నర్సాపురంలో మిషన్ స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వదిలేసి, నాలుగేళ్ళ పిల్లని, మొగుణ్ణి మా అమ్మ దగ్గర వదిలేసి, ఆ వయసులో సంచీ భుజాన వేసుకుని యూనివర్సిటీకి, ఇక్కడివాళ్ళ మాటలో యూనికి, వెళ్ళేదాన్ని. క్లాసులో పిల్లలంతా నన్ను లెక్చరర్ అనుకునేవారు. గది దొరికింది యూని గోడ మీద అంటించిన చిన్న కాగితం వల్ల. "ఆడవాళ్ళకి మాత్రమే. పంది మాంసం, మందు కుదరవు" అని వంకర అక్షరాల్లో రాసి ఉంది. నాకు రెండూ అక్కర్లేదు కనక వెళ్ళాను.

అచాకి యాభై అయిదు దాటి ఉంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇరవై ఏళ్ళ క్రితం చైనా పడమటి కొస నుంచి వచ్చిన ఉయ్‌గుర్ మనిషి. ఆ మాట నేను అంతకు ముందు విని ఎరగను. తుర్కీకి దగ్గరి చుట్టమైన భాష మాట్లాడే ముస్లింలనీ, వాళ్ళ ఊళ్ళలో ద్రాక్షా ఖర్బూజా మన మామిడిలాగా పండుతాయనీ ఆవిడే చెప్పింది. వారంలో నాలుగు రోజులు ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పని. మిగిలిన రోజులు రొట్టెలు. పిండి ముద్దని పళ్ళెమంత వెడల్పు చేసి, కోడి ఈకల మొనలన్నీ కట్టగా కట్టిన ఒక పరికరంతో మధ్యలో చుక్కలు చుక్కలుగా పొడిచేది. నల్ల నువ్వులు, ఉల్లి తరుగు చల్లేది. తెల్లారేసరికి ఇల్లంతా కాలిన నువ్వుల వాసన, దాని మీద జీలకర్ర వాసన, ఆ మీద ఉప్పేసిన పాలటీ వాసన. టీలో ఉప్పేంటని నేను మొదటి రోజే మొహం చిట్లించాను. నేను ఎండు రొయ్యలు వేయించిన రోజున ఆవిడ కిటికీలన్నీ తెరిచి, పెరట్లో పందిరి కింద కూర్చుని, అయిపోయిందా అని గంట సేపు కేకలేసింది. ఆ లెక్కన ఇద్దరికీ చెల్లు. రొట్టెని బోర్లా పెట్టకూడదు, ముక్క కింద పడితే కళ్ళకద్దుకుని ఎత్తైన చోట పెట్టాలి. మా నాయనమ్మ అన్నం మెతుకు తొక్కితే ఇదే మాదిరి దణ్ణం పెట్టించేదని చెబితే, మీ నాయనమ్మకి బుద్ధుంది అని మెచ్చుకుంది.

ఉప్పు టీ తాగాక సాయంత్రం పూట ఆవిడకి ఒక పని ఉండేది. ఫోన్ తీసి, వాళ్ళమ్మ బొమ్మ ఉన్న మెసేజీల గడి తెరిచి, చూసి, మూసేది. అంతే. పద్నాలుగు నెలలుగా ఆ గడిలో కొత్తగా ఏమీ రాలేదు. ఆఖరున వచ్చింది ఒకటే మాట, ఇక ఫోన్ చెయ్యొద్దని. ఆ తర్వాత మేనమామలు, మేనత్తలు, చిన్నప్పటి స్నేహితులు ఒక్కొక్కరుగా ఆవిడని తమ ఫోన్లలోంచి తీసేశారు. తమ్ముడు ఒక చిన్న ఊళ్ళో లెక్కల మాస్టారు. అతన్ని బడి నుంచే తీసుకుపోయారనీ, ఎక్కడికని అడిగితే చదువుకోవడానికి అన్నారనీ, ఆ దేశం దాటి వచ్చిన ఒక తెలిసినామె ద్వారా కబురందింది. "పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పినవాడికి ఏం చదువు?" అని అచా నన్ను అడిగేది, టీచర్ని కనక నాకు తెలిసి ఉంటుందన్నట్టు. చదువు పేరుతో మనుషుల్ని బంధించే ఆ శిబిరాల సంగతి ఇప్పుడు మా అమ్మాయి బడి పుస్తకంలో కూడా ఉంది. అప్పుడు అలా కాదు. ఎడారిలో ముళ్ళకంచెల మధ్య పెద్ద పెద్ద కట్టడాల ఫోటోలు, ఆకాశం నుంచి తీసినవి, అప్పుడప్పుడే పేపర్లలో వస్తున్నాయి. చర్చి తర్వాత పార్కులో మాంసం కాల్చుకునే బార్బీ దగ్గర ఆ మాటెత్తితే మనవాళ్ళు, చైనావాళ్ళ గొడవ మనకెందుకండీ అని మాంసం తిరగేసేవారు.

ఆ రోజుల్లోనే జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ఆఫీసుకి పంపడానికి ఇక్కడి ఉయ్‌గుర్ కుటుంబాల దగ్గర వాంగ్మూలాలు తీసుకోవడం మొదలైంది. అచా ఇంగ్లీషు మాట్లాడటానికి సరిపోయేది, రాయడానికి చాలదు. నేనేమో ఇంగ్లీషు టీచర్ని. శనివారం మధ్యాహ్నాలు వంటింటి బల్ల దగ్గర ఆవిడ చెప్పడం, నేను రాయడం. నాకు భాష మీద మమకారం ఎక్కువ. "తీరని మనోవేదనతో కుమిలిపోతున్నాను" అని అర్థం వచ్చేలా ఏదో రాసి చదివి వినిపిస్తే, ఆవిడ వేలితో ఆ వాక్యం కొట్టేసింది. "నేను అనలేదు ఇది. నేను అన్నది, మా అమ్మకి మోకాళ్ళు నొప్పి, వాడు లేకపోతే బొగ్గు ఎవరు మోస్తారు అని." అదే రాశాను. ఆ కాగితం చివర ఒక ప్రశ్న ఉంది, పేర్లు బయట పెట్టవచ్చా అని. వద్దు అనే గడిలో ఆవిడే గీత పెట్టింది. కాగితమంతా "నా తమ్ముడు" అనే ఉంది. పేరు నాకూ చెప్పలేదు. బయటికి పేరు పొక్కితే అక్కడ పోలీసులు ఇంటి తలుపు తడతారు. కొందరికి అలాగే జరిగింది. ఆవిడకున్న భయమల్లా అదొక్కటే.

ఒక శనివారం కాగితం దాదాపు పూర్తయ్యాక, ఆవిడ తన ఫోను, నా ఫోను తీసుకుని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టి తలుపు మూసింది. ఎవరైనా వింటారేమోనని కుళాయి కూడా తిప్పింది. నా పక్కన కూర్చుని తమ్ముడి పేరు, ఇంటి పేరు, ఊరి పేరు చెప్పింది. ఎందుకు చెప్పిందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అన్ని నెలలు ఎవరితోనూ అనకుండా ఉండి ఉండి, ఒక మనిషి చెవిలో వేయాలనిపించిందేమో. చెప్పాక రెండు అరచేతులూ పైకెత్తి మొహానికి రాసుకుంది. "నువ్వు కూడా మీ దేవుణ్ణి అడుగు" అంది. అడుగుతాను అన్నాను. అక్కడే వచ్చింది తంటా. ఆవిడ ప్రార్థన అంటే అరచేతుల్లోకి చెప్పుకునే మాట. మా ఇంట్లో ప్రార్థన అంటే అది కాదు.

మా అమ్మ దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చాప మీద మోకరించి, అందులో ఉన్న పేర్లన్నీ పైకి చదివేది. ఇంటి పేరుతో, ఊరి పేరుతో, జబ్బు పేరుతో సహా. పక్కింటి వాళ్ళకి కూడా వినబడేది. చిన్నప్పుడు నేను నిద్రమత్తులో "అందరినీ చల్లగా చూడు ప్రభువా" అని ఒక్కమాటలో తేల్చేస్తే నెత్తిన మొట్టేది. "పేరు లేకుండా ప్రార్థనేంటే? ఎడ్రస్సు రాయకుండా ఉత్తరం డబ్బాలో పడేత్తే ఎవరికి పోద్దే అది?" ఆ మొట్టికాయ నా ఒంట్లో ఇంకిపోయింది. ఇక మా చర్చి అయిన అడిలైడ్ తెలుగు సహవాసంలో పాటలయ్యాక ప్రార్థన మనవుల సమయం ఉంటుంది. ఎవరి మనవి వాళ్ళు లేచి మైకులో చెప్పాలి. ఒకరికి ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ రావాలి, ఒకరికి నర్సింగ్ పరీక్ష పాసవ్వాలి, ఒకరి అత్తగారికి భీమవరంలో కంటి ఆపరేషన్. పాస్టరుగారి భార్య ముందు వరసలో స్టాండుకి ఫోన్ బిగించి అదంతా లైవ్ పెట్టేది. ఊళ్ళో ఉన్నవాళ్ళు చూసుకుంటారని. మా అమ్మ ఒక్క ఆదివారం కూడా తప్పేది కాదు. ఆ స్టాండు అక్కడుందని నాకు తెలుసు. ప్రతి వారం దానికేసి చూసి మా పిల్లకి చెయ్యి ఊపేదాన్ని. తెలియక చేశానని అనడానికి నాకు అవకాశం లేదు.

ఆ ఆదివారం లేచాను. నేను అద్దెకుండే ఇంటావిడ తమ్ముడు చెరలో ఉన్నాడన్నాను. పాస్టరుగారు మెత్తగా, "పేరు చెప్పండి సిస్టర్, పేరు పెట్టి ప్రార్థిద్దాం" అన్నారు. చెప్పాను. ఊరు చెప్పాను. లెక్కల మాస్టారని చెప్పాను. ఆయన ఆ పేరు మైకులో మూడుసార్లు పలికి, గొలుసులు తెగిపోవాలని ప్రార్థించారు. హాలు హాలంతా చేతులెత్తి ఆమెన్ అంది. బార్బీ దగ్గర మాంసం తిరగేసినవాళ్ళు కూడా ఏడ్చారు. నిజం చెప్పాలంటే నాకు లోపల ఎక్కడో గర్వంగా అనిపించింది, ఇంతమందిని కదిలించానని. సాయంత్రం మా అమ్మ ఫోన్ చేసి, "ఎంత బాగా చెప్పావే, మా కూటం వాళ్ళందరికీ పంపించాను" అంది. పాస్టరుగారి భార్య ఆ ముక్కని విడిగా కత్తిరించి, అతని పేరుతో, ఊరితో ఇంగ్లీషులో శీర్షిక పెట్టి, దేశదేశాల విశ్వాసులు ప్రార్థించాలని మళ్ళీ పోస్టు చేసిందని నాకు తర్వాత తెలిసింది. మా ఇంట్లో నా గురించి ఒక మాట ఉండేది, దీని నోట్లో నువ్వుగింజ నానదని. నవ్వుతూ అనేవారు, నేనూ నవ్వేదాన్ని.

పదకొండు రోజుల తర్వాత, మధ్యాహ్నం క్లాసు లేక నేను వంటింట్లో గిన్నెలు తోముతుంటే అచా ఫోన్ మోగింది. వీడియో కాల్. చూసి ఆవిడ చేతిలో పిండి పళ్ళెం జారవిడిచింది. వాళ్ళమ్మ. తలకి కొత్త రుమాలు కట్టుకున్న ముసలమ్మ, నిటారుగా, ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు కూర్చుని ఉంది. అచా ఏడుస్తూ ఏదేదో అంటోంది. ముసలమ్మ ఏడవలేదు. ఒకే గొంతుతో, ఒకటీ అరా చోట ఆగి, ఫోన్‌కి పక్కగా ఎవరికేసో చూసి మళ్ళీ మొదలుపెట్టి మాట్లాడింది. భాష రాకపోయినా మధ్యలో తమ్ముడి పేరు నాకు వినబడింది. ఆ పేరు విన్నాక అచా మెల్లగా తల తిప్పి నాకేసి చూసింది. రెండు నిమిషాలు కూడా అవలేదు, ఫోన్ ఆగిపోయింది.

"నీ ఇంట్లో ఉన్న పిల్లని మా గురించి మాట్లాడొద్దని చెప్పు అంది అమ్మ" అంది అచా. "ఎక్కడ మాట్లాడావు?"

"చర్చిలో అచా. ప్రార్థనలో."

"పేరు చెప్పావా?"

తల ఊపాను.

"దేవుడికి మా తమ్ముడి పేరు తెలియదా?"

అప్పుడు మిగతాది చెప్పింది. అతను వచ్చే నెలలో ఇంటికి రావలసినవాడట. ఇప్పుడు చదువు ఇంకా పొడిగించారట. అది చెప్పేటప్పుడే వాళ్ళమ్మ పక్కకి చూసిందట.

నేను పరుగున పాస్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన ఆ నిమిషంలోనే వీడియోలన్నీ తీయించారు, ఫోన్‌లోనే ఏడ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. నర్సాపురంలో, పాలకొల్లులో, ఇంకా ఎక్కడెక్కడో ఎంతమంది ఫోన్లలో ఆ పేరు తిరుగుతోందో ఎవరు చెప్పగలరు? మా అమ్మకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "నేను నేర్పిందే కదే" అంది. ఆ రోజు నుంచి ఆవిడ నోటు పుస్తకం మనసులోనే చదువుకుంటోందని మా ఆయన చెప్పారు.

అచా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మాట్లాడటం మానేసింది. కానీ ప్రతి పొద్దునా బల్ల మీద గుడ్డ కింద నా వంతు రొట్టె ఉండేది. అది మింగుడుపడేది కాదు, పారేయడానికీ లేదు. కళ్ళకద్దుకుని తినేదాన్ని. యూనిలో ఏం చదివానో, ఏ ఎసైన్‌మెంట్ ఏం రాశానో ఆ రోజులవి ఒక్కటీ గుర్తులేదు. రెండు వారాల తర్వాత శనివారం ఆవిడ వంటింటి బల్ల తుడిచి, ఆ వాంగ్మూలం తెచ్చి నా ముందు పెట్టింది. ఫోన్లు ఫ్రిజ్‌లో పెట్టలేదు. కుళాయి తిప్పలేదు. చివరి పేజీ తీసి, వద్దు అని ఉన్న గడి మీద పెన్నుతో కొట్టేసి, రెండో గడిలో గీత పెట్టింది.

"వాళ్ళకి ఎలాగూ తెలిసిపోయింది. ఇక తెలియనిది మిగిలినవాళ్ళకే. తమ్ముడు అని ఉన్నచోటల్లా పేరు రాయి" అంది.

నేను పెన్ను ముట్టుకోలేదు. "అంతమంది ముందు చెప్పావు కదా. ఇప్పుడు నా కోసం రాయి" అంది. పదిహేడు చోట్ల రాశాను. రాసి, ఆగలేక అడిగాను, అతను రాకపోవడం నా వల్లేనా అని.

"నాకు తెలియదు. నిజంగా వచ్చేవాడో, అమ్మ చేత అలా చెప్పించారో. నాకూ తెలియదు, నీకూ ఎప్పటికీ తెలియదు" అంది. కాగితాలు కవరులో పెట్టాక, "ఈ సెమిస్టర్ అయ్యేలోపు వేరే ఇల్లు చూసుకో" అంది. నేను తలదించుకుని సరే అన్నాను. ఆవిడ లేవలేదు. "పద్నాలుగు నెలల తర్వాత మా అమ్మ మొహం చూశాను. ముసలిదైపోయింది. పై పళ్ళు లేవు. నీ వల్లే చూశాను. నీకు థాంక్స్ చెప్పాలో, ఇంకేమనాలో తెలియక నీ మొహం చూడలేకపోతున్నాను" అంది. ఇన్నేళ్ళలో నాతో ఎవరూ అంత నిజంగా మాట్లాడలేదు.

తర్వాత మా ఆయన, పిల్ల వచ్చారు. ఉద్యోగం దొరికి మెల్‌బోర్న్ వచ్చేశాం. ఇప్పుడు మా టార్నీట్ సహవాసంలో ప్రార్థన మనవులు ఇంకా ఘనంగా జరుగుతాయి, రెండు కెమెరాలు, పెద్ద తెర. నా వంతు వస్తే ఒకరి కోసం అని మాత్రం అంటాను. ఎవరైనా పేరడిగితే, దేవుడికి తెలుసండి అంటాను. పొగరు అనుకుంటారు. అప్పట్లో నాకు లోకమంతా మా హాలంత ఉండేది, అందులో ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే అనుకునేదాన్ని. ఆ అమాయకత్వం తలుచుకుంటే ఇప్పుడు జాలి వెయ్యదు, కోపమే వస్తుంది.

ఆ వాంగ్మూలాలన్నీ వెళ్ళిన జెనీవా నుంచి శిబిరాల మీద నివేదిక వెలువడిన రోజున, దేశాలు లేచి మాట్లాడుతున్నాయని టీవీలో చెబుతుంటే, ధైర్యం చేసి అచాకి ఫోన్ చేశాను. తీసింది. గొంతు సన్నబడింది. ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాటులో ఉంటున్నానంది. నా కూతురు నా దగ్గరికి వచ్చేసిందా అని అడిగింది. వచ్చేసింది అన్నాను. సంతోషం అంది. నివేదిక సంగతి చెబితే, తెలుసు, ఎవరో చదివి వినిపించారు అంది. తమ్ముడి సంగతి నేను అడగకముందే ఆవిడే చెప్పింది.

"ఇప్పుడు నేను ప్రతి చోటా చెబుతున్నాను వాడి పేరు. పార్లమెంటు మెట్ల మీద, మైకులో, టీవీలో. ఊరు పేరు కూడా. నువ్వు చెప్పినట్టే, గట్టిగా."

మంచిదే అచా అన్నాను.

"ఒక్కసారి చెప్పావు నువ్వు, పదకొండు రోజుల్లో అమ్మ ఫోన్ చేసింది" అంది. "నేను ఇన్నేళ్ళుగా చెబుతున్నాను. ఎవరూ చెయ్యట్లేదు."